డయల్ టోన్ గురించి రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

టెలిఫోన్ ఎక్స్ఛేంజీ శబ్దాల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. మొదటి రెండు పేజీలు టెలిఫోను పుట్టుపూర్వోత్తరాలకే సరిపోయాయి. అవి కొట్టేయి. రిసీవర్ ఎత్తగానే చెవిలో పడే ఆ 'గుయ్' దగ్గర మొదలుపెట్టు. డిజిటల్ ఎక్స్ఛేంజీలో అది ఎక్కడా మోగదనీ, మెమరీలో అంకెల వరుసగా పడి ఉంటుందనీ వెంటనే చెప్పెయ్యి.

"తరంగాన్ని ముందే లెక్కగట్టి పట్టికగా దాచి, మళ్లీ మళ్లీ చదువుతారు" అని ఒక్క వాక్యంలో దాటేశావు. అసలు కథంతా అక్కడే ఉంది! ధ్వనిని సెకనుకు 8000 సార్లు కొలిచి అంకెగా రాస్తారు; ఆ ఒక్కో కొలతే ఒక నమూనా. శబ్దం 400 హెర్ట్జ్‌లదైతే ఒక ఆవృత్తికి, అంటే తరంగం ఒక పూర్తి చుట్టుకు, సరిగ్గా 20 నమూనాలు. పట్టిక అక్కడితో పూర్తి. అదే 425 హెర్ట్జ్ అయితే భాగహారం తెగదు. పద్దెనిమిది దగ్గరో పందొమ్మిది దగ్గరో కోస్తే, పట్టిక మొదటికి తిరిగిన ప్రతిసారీ తరంగం అతుకు దగ్గర విరిగి శబ్దం చెడుతుంది. అందుకే 320 నమూనాల పట్టిక కావాలి. అందులో 17 ఆవృత్తులు శేషం లేకుండా ఇముడుతాయి. అమెరికా డయల్ టోన్‌లో 350, 440 హెర్ట్జ్‌ల తరంగాలు రెండు కలిసి ఉంటాయి; దానికి 800 నమూనాలు పడతాయి. ఎందుకో నువ్వు చెప్పకు. పాఠకుడే కాగితం తీసి లెక్క వేసుకుంటాడు, ఆ అవకాశం అతనికి ఇవ్వు.

ఒక తప్పు మాత్రం తప్పక దిద్దు. రెండు తరంగాల కోడ్‌లను కలిపితే జంట శబ్దం వస్తుందని రాశావు. రాదు. ఒక్కో నమూనాను 8 బిట్ల కోడ్‌గా మార్చే పద్ధతి ఎ-లా. ఆ 8 బిట్లలో ఒకటి ధన, రుణ గుర్తుకు, మూడు ధ్వని స్థాయి ఏ ఖండంలో పడుతుందో చెప్పడానికి, నాలుగు ఆ ఖండంలోని మెట్టుకు. మెల్లని ధ్వనికి చిన్న మెట్లు, పెద్ద ధ్వనికి పెద్ద మెట్లు. అంటే కోడ్‌లను కూడితే ధ్వనులను కూడినట్టు కాదు. ముందు అసలు విలువలను కూడి, ఆ మొత్తాన్ని కోడ్‌గా మార్చాలి. (ఎ-లాలో ఒకటి విడిచి ఒక బిట్టును తిరగేసి పంపుతారు, మౌనంగా ఉన్న లైనులో సున్నాల బారు ఏర్పడకుండా ఈ జాగ్రత్త. నాకు చాలా ఇష్టమైన వివరమిది, చోటుంటే పెట్టు.)

వెయ్యి మంది ఒకేసారి ఫోను ఎత్తినా పట్టిక ఒక్కటే. అది తన వంతుకు కేటాయించిన సమయంలో, అంటే ఒక టైమ్ స్లాట్‌లో తిరుగుతుంటే స్విచ్ అవే అంకెలను అందరికీ అందిస్తుంది. బిజీ టోన్‌లోని విరామాలు పట్టికలో ఉండనక్కర్లేదు. లైనును కాసేపు శబ్దం ఉన్న స్లాట్‌కు, కాసేపు మౌనపు స్లాట్‌కు కలిపితే చాలు. ఇక పాఠకుడు నమ్మని సంగతి ఒకటుంది: మనకు వినిపించే రింగు అవతలి ఫోను మోత కాదు, ఎక్స్ఛేంజీ విడిగా పంపే శబ్దం. రెండూ ఒకే క్షణంలో మోగాలన్న నియమం లేదు. అందుకే ఒక్కోసారి మనకు రింగు వినిపించకముందే అవతలివాళ్లు "హలో" అంటారు. దీన్ని హడావిడిగా చెప్పకు.

బటన్ల శబ్దాలను ఈ వ్యాసంలో ఇరికించకు. వాటిలో ఒకటి 697 హెర్ట్జ్. 697కూ 8000కూ 1 తప్ప ఉమ్మడి భాజకం లేదు. శేషం లేని పట్టిక కావాలంటే మొత్తం 8000 నమూనాలూ ఉండాలి. అక్కడ ఒకే సైన్ పట్టికలో వేర్వేరు అంగలతో నడిచే పద్ధతి వాడతారు. అది ఇంకో వ్యాసానికి సరిపడా సరుకు. ముందు దీన్ని తిరగరాసి పంపు.