ఇండిగో 500 విమానాలు ఆర్డర్ చేసింది కదా, చిన్న ఊళ్లకు సర్వీసులు పెరుగుతాయా?

ఆ ఆర్డర్ వల్ల నేరుగా పెరగవు, ఎందుకంటే 2023 జూన్‌లో ఇచ్చిన ఆ 500 విమానాలూ ఎయిర్‌బస్ ఎ320 కుటుంబానివి, చిన్న ఊళ్లకు ఎక్కువగా తిరిగేవి ఏటీఆర్‌లనే చిన్న ప్రొపెల్లర్ విమానాలు.

తేడా అంతా సీట్లలో ఉంది. ఇండిగో ఎ320లో 180కి పైగా సీట్లుంటాయి, ఏటీఆర్ 72లో 78. కడప నుంచి హైదరాబాద్‌కు రోజూ అంతమంది దొరక్కపోతే పెద్ద విమానం సగం ఖాళీగా ఎగురుతుంది, ఇంధనం ఖర్చు మాత్రం పెద్దగా తగ్గదు. అదే దూరానికి ప్రొపెల్లర్లతో నడిచే ఏటీఆర్ చాలా తక్కువ ఇంధనంతో వెళ్తుంది. పైగా మన దేశంలో 80 సీట్లలోపు విమానాలకు దేశీయ సర్వీసుల్లో ల్యాండింగ్ చార్జీల మినహాయింపు కూడా ఉంది. కాబట్టి కడప, కర్నూలు లాంటి చోట్ల సర్వీసులు పెరగాలంటే చూడాల్సింది ఏటీఆర్‌ల సంఖ్య.

ఏటీఆర్‌లతో పాటు వాటిని నడిపే పైలట్లూ కావాలి. ఏటీఆర్ నడిపే వ్యక్తి మర్నాడే ఎయిర్‌బస్ నడపలేడు. లైసెన్సు ఉన్నా ఆ రకం విమానానికి విడిగా టైప్ రేటింగ్ శిక్షణ, సిమ్యులేటర్‌లో పరీక్ష తప్పనిసరి. అతను అటు వెళ్తే ఇటు ఏటీఆర్‌కు ఇంకొకర్ని తయారు చేయాలి. పైలట్ దొరక్కపోతే విమానం ఉండీ సర్వీసు ఉండదు.

చాలామంది పొరబడేది ఆర్డర్ సంఖ్య దగ్గర. 500 అంటే రేపటికల్లా 500 అదనం కాదు. వాటి డెలివరీలు 2030 నుంచి 2035 మధ్య అని కంపెనీయే చెప్పింది. ఈలోగా లీజు ముగిసిన పాతవి వెనక్కి పోతుంటాయి, కొత్తవాటిలో కొన్ని ఆ ఖాళీలకే సరిపోతాయి.