మూడు రాత్రులు, ఒక రికార్డు: యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికన్ సోల్ గాయని అరీతా ఫ్రాంక్లిన్ ‘లైవ్ ఎట్ ఫిల్‌మోర్ వెస్ట్’ ఆల్బమ్ అదనపు పాటలతో మళ్లీ వెలువడిన సంచిక మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. నీకు పాట వినడం వచ్చని మూడో పేజీలో తెలిసింది. అయితే అక్కడిదాకా రావడానికి రెండు పేజీలు దాటవలసి వచ్చింది, ఎందుకంటే ఆ రెండు పేజీలూ ఏ డిస్కులో ఎన్ని పాటలున్నాయి, వాటిలో ఇంతకుముందు విడుదల కానివి ఎన్ని అనే పట్టికతోనే నిండిపోయాయి. ఆ పట్టిక అట్ట వెనక ఎలాగూ అచ్చు వేసే ఉంటుంది. కొత్తగా చేరిన పాటలు విన్న తరువాత పాత పది పాటలు నీ చెవికి ఎలా మారి వినిపించాయో చెప్పు. అది నువ్వు తప్ప మరెవరూ చెప్పలేరు.

ఈ విషయంలో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. ఈ ఆల్బమ్‌ను నేను మొదట విన్నది ఒక మిత్రుడు ఎల్పీ (రెండు వైపులా పాటలుండే పెద్ద రికార్డు) నుంచి ఎక్కించి ఇచ్చిన క్యాసెట్టులో. దానికి అట్ట లేదు, వివరాలు లేవు. పాటల మధ్య చప్పట్లు వినిపిస్తూనే ఉండటంతో, ఇదంతా ఒకే రాత్రి ఏకబిగిన సాగిన కచేరీ అనుకొని, ‘ఆ రాత్రి’ ఆమె గొంతు పాట పాటకూ ఎలా రాజుకుంటూ పోయిందో వర్ణిస్తూ ఒక వ్యాసం రాశాను. అది అచ్చయింది కూడా. నిజానికి 1971 మార్చి 5, 6, 7 తేదీల్లో, అంటే శుక్ర, శని, ఆదివారాల్లో, శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫిల్‌మోర్ వెస్ట్ హాల్లో జరిగిన కచేరీల టేపుల నుంచి నిర్మాతలు జెర్రీ వెక్స్‌లర్, ఆరిఫ్ మార్డిన్ ఏరి కూర్చిన పాటలవి. నేను అంత మురిసిపోయి వర్ణించిన ఆ రాత్రి క్యాలెండరులో ఎక్కడా లేదు. మరి ఆ రాజుకోవడం అబద్ధమా అంటే అదీ కాదు. దానిలో సగం అరీతా గొంతుదైతే, సగం టేపు కోసి అతికించిన వారి చేతులది.

అందుకే ఈ సంచికను పాటల సంఖ్య పెరిగిన రికార్డుగా కాక, ఒక రచన చిత్తుప్రతులు బయటపడ్డట్టుగా చూడమంటున్నాను. ఎల్పీలో ఒక్కో వైపు ఇరవై, ఇరవై అయిదు నిమిషాలకు మించి పట్టదు. మూడు రాత్రులను ఆ కొలతకు కుదించాలంటే ఏది ఉంచాలి, ఏది వదలాలి అనే నిర్ణయం ఎవరో ఒకరు చేయక తప్పదు, ఆ నిర్ణయానికి ఒక అభిప్రాయం కూడా ఉంటుంది. ఫిల్‌మోర్ వెస్ట్ బిల్ గ్రాహమ్ నడిపిన రాక్ సంగీతశాల. అక్కడి హిప్పీ శ్రోతలు అరీతాను ఎలా ఆదరిస్తారో అన్న అనుమానం వెక్స్‌లర్‌కు ఉండేది. ఇప్పుడు రికార్డు మొదటి వైపు చూడు. 1967 నాటి స్టూడియో వేగాన్ని దాటి పరుగెత్తే ‘రెస్పెక్ట్’ అయిన వెంటనే స్టీఫెన్ స్టిల్స్ పాట, సైమన్ గార్ఫంకెల్‌ల పాట, బీటిల్స్ పాట, బ్రెడ్ బృందం పాట వరసగా వస్తాయి. అంటే ఆ హాల్లోని వారికి తెలిసిన పాటలతోనే వారిని దగ్గరకు పిలిచి, రెండో వైపు ‘డాక్టర్ ఫీల్‌గుడ్’, ‘స్పిరిట్ ఇన్ ద డార్క్’ పాటలతో అరీతా తన చర్చిలోకి నడిపించుకుపోతుంది. 2006లో వచ్చిన రెండు డిస్కుల సంచికలో ఆమె స్వయంగా రాసుకున్న ‘కాల్ మీ’ ఉంది. మొదటి ఎల్పీలో దానికి చోటు దొరకలేదు. ఈ ఒక్క సంగతి మీద నువ్వు ఒక పేజీ రాయవచ్చు. నీ వ్యాసంలో ఆ పాట పేరు పట్టికలో ఒకసారి కనిపించి, మళ్లీ కనిపించలేదు.

ఇక ‘బ్రిడ్జ్ ఓవర్ ట్రబుల్డ్ వాటర్’ గురించి రాస్తూ నువ్వు వాడిన ‘అద్భుతం’, ‘అమోఘం’, ‘అజరామరం’ అనే మూడు మాటలనూ కొట్టేశాను. వాటి స్థానంలో ఏం రాయాలో నీ చెవికే తెలుసు. పల్లవి ఇంకా మొదలు కాకముందే, ఆ నీళ్లను కదపవద్దు, వదిలేయమని వెనక పాడే ఆడవాళ్లు చిన్న మాటను మళ్లీ మళ్లీ అంటూ ఉంటారు. అరీతా వేళ్ల కింద ఎలక్ట్రిక్ పియానో చిరుగంటలా వణుకుతూ ఉంటుంది. అందరికీ తెలిసిన పాటను ఆమె వెంటనే పాడదు, ముందు దాని చుట్టూ ఒక ప్రార్థన కడుతుంది. ఈ మాత్రం చెప్పినా పాఠకుడు లేచి వెళ్లి పాట పెట్టుకుంటాడు.

ఆ వెనక గొంతులను నువ్వు బుర్రకథలో వంతలతో పోల్చావు. ఆలోచన నాకు నచ్చింది, కానీ దాన్ని ఒక వాక్యానికి మించి లాగవద్దు. వంత తందానా అన్నప్పుడు కథకుడికి ఊపిరి దొరుకుతుంది, కథ ముందుకు సాగుతుంది. ఇక్కడ జవాబు వచ్చినకొద్దీ అరీతా ముందుకు పోకుండా అక్కడే నిలబడి, అదే మాటను మరింత లోతుగా తవ్వుతుంది. ఆ అలవాటు ఆమె తండ్రి సి. ఎల్. ఫ్రాంక్లిన్ పాస్టరుగా ఉన్న డెట్రాయిట్‌లోని న్యూ బెతెల్ బాప్టిస్ట్ చర్చి నుంచి వచ్చింది. పోలిక మన పాఠకుడిని గుమ్మం దాకా తీసుకువెళ్లాలి. ఆ తరువాత అక్కడి ఇల్లు అక్కడిదిగానే కనబడాలి.

నీ వ్యాసంలో నాకు అన్నిటికంటే కొరతగా తోచినది శాక్సోఫోన్ విద్వాంసుడు కింగ్ కర్టిస్. ఆ మూడు రాత్రులూ అరీతా వెనక వాయించిన బృందానికి నాయకుడు ఆయనే. కార్నెల్ డుప్రీ గిటార్, జెర్రీ జెమ్మాట్ బేస్, బెర్నార్డ్ పర్డీ డ్రమ్స్, బిల్లీ ప్రెస్టన్ ఆర్గన్, వీరికి తోడు మెంఫిస్ హార్న్స్ అనే బాకాల జట్టు. ఇంతమందినీ నడిపిస్తూ, అరీతా వేదిక ఎక్కకముందు తన కచేరీ తాను చేసేవాడు. ‘మెంఫిస్ సోల్ స్ట్యూ’ విను. వంట చెబుతున్నట్టుగా, ముందు అర కప్పు బేస్ పోయండి అంటాడు, జెమ్మాట్ మొదలుపెడతాడు. డ్రమ్స్ అడుగుతాడు, పర్డీ అందుకుంటాడు. అలా ఒక్కొక్క దినుసూ పడి, చివరకు శాక్సోఫోన్‌తో తానే దిగేసరికి గిన్నె పొంగిపోతుంది. ఫంక్ అంటే ఏమిటో తెలియని తెలుగు పాఠకుడికి దాన్ని నిర్వచించే శ్రమ నీకు అక్కరలేదు, ఈ పాట ఎలా పేరుకుందో వరసగా చెబితే చాలు. ఆ కచేరీ 1971 ఆగస్టులో వేరే ఎల్పీగా వచ్చింది. అదే నెల 13న న్యూయార్క్‌లో తన ఇంటి ముందే కర్టిస్ కత్తిపోటుకు బలయ్యాడు. అంత్యక్రియల్లో అరీతా పాడింది. ఫిల్‌మోర్ వెస్ట్ అంతకు ముందే, జూలై 4న మూతపడింది. కర్టిస్ కచేరీ ఒక రికార్డుగా, అరీతా కచేరీ ఇంకొక రికార్డుగా విడిపోయిన ఆ సాయంత్రాలను తిరిగి కలిపినది 2005లో రైనో హ్యాండ్‌మేడ్ అనే రికార్డు సంస్థ పరిమితంగా వేసిన నాలుగు డిస్కుల సంపుటి. అందులోని పాటల సంఖ్య కంటే ఈ కలపడమే నాకు పెద్ద విషయంగా తోస్తుంది.

ఆదివారం రాత్రి ప్రేక్షకుల్లో ఉన్న గాయకుడు రే చార్లెస్‌ను అరీతా వేదిక మీదికి తీసుకువచ్చిన ఘట్టాన్ని నువ్వు బాగా రాశావు, దాన్ని నేను ముట్టుకోలేదు. అయితే ఆ ‘స్పిరిట్ ఇన్ ద డార్క్’ పక్కన మిగతా రాత్రుల ‘స్పిరిట్ ఇన్ ద డార్క్’ పెట్టి వినకుండా, ఆయన రాకతోనే పాట సాగిందని తేల్చేశావు. ఆయన లేని రాత్రి కూడా పాట అయిపోయిందనుకున్న చోట మళ్లీ లేస్తుంది. విని చూడు.

పట్టిక తీసేసి, కర్టిస్‌తో మొదలుపెట్టి, ‘డాక్టర్ ఫీల్‌గుడ్’ను రాత్రికొకసారి విడివిడిగా విని, ఎక్కడెక్కడ తేడా వస్తున్నదో మార్జిన్‌లో నిమిషాలతో సహా గుర్తు పెట్టుకొని మళ్లీ రాయి. నీ కాగితాలు వెనక్కి పంపుతున్నాను; ఎర్ర సిరా ఎక్కువైందని బెంగపడకు, మూడో పేజీలో ఒక్క గీతా లేదు.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన