సైకస్ ఆకులు పాలిపోతుంటే, పాలిపోయినవి పాత ఆకులా కొత్త ఆకులా చూడండి

ఈత చెట్టులా కనిపించే అలంకరణ మొక్క సైకస్‌ను నాటి నాలుగేళ్లయిందని, రెండేళ్లుగా ఎదుగుదల లేదని, ఆకులు లేత పసుపు రంగుకు తిరిగాయని, యూరియా వేసినా పశువుల ఎరువు వేసినా మార్పు లేదని మీరు రాశారు. పాలిపోయినవి కింది వరుస ఆకులా, మొవ్వు దగ్గరి కొత్త ఆకులా అన్నది మాత్రం రాయలేదు. దయచేసి ఒకసారి మొక్క దగ్గరికి వెళ్లి అది చూసి రండి. అప్పటిదాకా ఇంకే ఎరువూ వేయకండి.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. నత్రజని, పొటాషియం, మెగ్నీషియం మొక్క లోపల ఒకచోటి నుంచి మరొకచోటికి కదులుతాయి. అవి చాలనప్పుడు మొక్క ముసలి ఆకుల్లో ఉన్నదాన్ని లాగి కొత్త చిగురుకు పెడుతుంది. అందుకని కింది ఆకులు ముందు వెలిసిపోతాయి. మాంగనీసు, ఇనుము అంత సులువుగా కదలవు. ఏ ఆకులోకి చేరినవి ఆ ఆకులోనే ఉండిపోతాయి. వాటి కొరత వస్తే పాత ఆకులు పచ్చగానే ఉంటాయి, కొత్త ఆకులు పసుపుగా పుడతాయి.

నేను మొదటి సైకస్‌ను కొత్తగా కట్టిన సిమెంటు గోడకు మూరెడు దూరంలో నాటాను. మొదటి ఏడాది ఆకులు చక్కగా వచ్చాయి. రెండో ఏడు వచ్చిన గుత్తి పసుపుగా, కొసలు ముడుచుకుని, సెగ తగిలి కమిలినట్టు విచ్చుకుంది. బలం చాలలేదనుకుని యూరియా వేశాను. మూడో ఏడు వచ్చిన ఆకులు పాతవాటిలో సగం పొడవు కూడా లేవు, చివర్లు గోధుమ రంగులో ఎండిపోయాయి. కింది ఆకులు మాత్రం ముదురు ఆకుపచ్చగా నిగనిగలాడుతూనే ఉన్నాయి. ఆ తేడా రోజూ నా కళ్ల ముందే ఉన్నా దాని అర్థం నాకు తట్టలేదు. చివరికి మట్టి పరీక్ష చేయిస్తే ఉదజని సూచిక (pH, మట్టి ఆమ్లమా క్షారమా చెప్పే కొలత) 8 దాటింది. గోడ కట్టినప్పుడు అక్కడ పడిన సిమెంటు, సున్నం ఆ మట్టిని క్షారంగా మార్చేశాయి. అలాంటి మట్టిలో మాంగనీసు ఉన్నా వేళ్లు తీసుకోలేని రూపంలోకి మారిపోతుంది. తోటల్లో ఎక్కువగా పెంచే సైకస్ రెవల్యూటా ఈ కొరతకు త్వరగా లొంగుతుంది.

మాంగనీసు సల్ఫేటు 30 గ్రాములు మొదలు చుట్టూ చల్లి నీళ్లు పెట్టాను. నాది చిన్న మొక్క కాబట్టి ఆ మోతాదు సరిపోయింది. కాండం లావైన మొక్కకు, క్షారం ఎక్కువున్న మట్టికి ఇంకా ఎక్కువ కావలసి వస్తుంది. కొనేటప్పుడు పొట్లం మీది పేరు రెండుసార్లు చదవండి. మెగ్నీషియం సల్ఫేటు, మాంగనీసు సల్ఫేటు వేర్వేరు పదార్థాలు, ఒకదాని పని మరొకటి చేయదు. పేర్లు దగ్గరగా ఉండటం వల్ల ఒకటి అడిగితే రెండోది చేతికొస్తుంది.

ఆ తర్వాత వేచి ఉండటమే కష్టం. పసుపుగా పుట్టిన ఆకులు మళ్లీ పచ్చబడలేదు, ముడుచుకున్న కొసలు విచ్చుకోలేదు. సైకస్ మామూలు మొక్కలా వారం వారం చిగురించదు. సాధారణంగా ఏడాదికి ఒకసారి, ఆకులన్నీ ఒక్కసారిగా తీస్తుంది. కాబట్టి మీరు చేసిన వైద్యం పనిచేసిందో లేదో తర్వాతి గుత్తి వచ్చేదాకా తెలియదు. నాకు పదకొండు నెలలకు తెలిసింది. మొవ్వులోంచి లేత ఆకులు సుళ్లు తిరిగి పైకి లేచి, విచ్చుకుంటూ పచ్చగా మారిన ఆ వారం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఈ ఆలస్యం తెలియక చాలామంది నెలకో మందు మారుస్తారు. చివరికి మేలు చేసింది ఏదో, కీడు చేసింది ఏదో వాళ్లకే అంతుపట్టదు.

మీ మొక్కలో పాలిపోయినవి కింది ఆకులైతే దారి వేరు. ఆకంతా ఒకేలా వెలిస్తే నత్రజని చాలడం లేదు. మధ్యభాగం పచ్చగా ఉండి, చుట్టూ పసుపు పట్టీ కనిపిస్తే మెగ్నీషియం. పసుపు చుక్కలు పడి, చివర్ల నుంచి ఎండుతూ వస్తే పొటాషియం. మీరు వేసిన యూరియాలో ఉండేది నత్రజని ఒక్కటే, మిగతా రెండింటి లోటు అది తీర్చదు. సూక్ష్మ పోషకాలతో కూడిన, నెమ్మదిగా కరిగే సమతుల ఎరువు మంచిది. పసుపు ఆకులు చూడటానికి బాగా లేవని కోసేయవద్దు. కొరతలో ఉన్న మొక్కకు ఆ ఆకులే నిల్వ, వాటిని తీసేస్తే లోటు పై వరుసకు పాకుతుంది.

ఇక వేళ్ల సంగతి. మొక్క పచ్చిక పక్కనే ఉందని, పచ్చికతో పాటు దానికీ రోజూ నీళ్లు పడుతున్నాయని మీరు రాసిన వాక్యం చదివి నాకు భయమేసింది. నా రెండో సైకస్ పోయింది ఇలాగే. కుండీ అడుగున రంధ్రం మూసుకుపోయిందని నేను గమనించలేదు. ఆకులు పాలిపోతుంటే ఎండకు దాహం వేస్తోందనుకుని మరిన్ని నీళ్లు పోశాను. కాండాన్ని నొక్కితే వేలు లోపలికి దిగినరోజుకు చేయగలిగింది ఏమీ మిగల్లేదు. మీరు ఈరోజే కాండాన్ని చుట్టూ నొక్కి చూడండి. రాయిలా గట్టిగా ఉంటే సమయం ఉంది. తర్వాత మొదలు పక్కన చేతి వేళ్లతో మట్టిని మెల్లగా తొలగించండి. పగడాల గుత్తుల్లా పైకి పెరిగే పొట్టి వేళ్లు కనిపిస్తే కంగారుపడి కత్తిరించకండి, అవి జబ్బు కాదు. వాటిలో నివసించే నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తాయి. మామూలు వేళ్లు గోధుమ రంగులో మెత్తబడి, కుళ్లు వాసన వస్తే మాత్రం నీళ్లు ఆపాలి, మొక్కను ఎత్తు మీదికి, నీరు ఇంకే ఇసుక మట్టిలోకి మార్చాలి. వేళ్లు దెబ్బతిన్న మొక్కలో కొత్త ఆకులు ఇనుము అందక కూడా పసుపుగా వస్తాయి. అప్పుడు ఎరువు వల్ల ప్రయోజనం ఉండదు.

నీరు ఇంకుతోందో లేదో అనుమానముంటే దగ్గర్లో అడుగు లోతు గుంట తవ్వి నీళ్లు నింపండి. అవి ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి పోసినవి మర్నాటికి కూడా నిలిచి ఉంటే ఆ చోటు సైకస్‌కు తగదు.

ఆకు అడుగు భాగం కూడా తిప్పి చూడండి. తెల్లటి పొట్టు అంటుకున్నట్టు ఉండి, పైభాగంలో పసుపు చుక్కలు కనిపిస్తే అది పొలుసు పురుగు. వీటిలో ఆగ్నేయాసియాలో పుట్టి అలంకరణ మొక్కలతో పాటు దేశాలు దాటిన ఆలకాస్పిస్ అనే రకం ప్రాణాంతకం. 1996లో ఫ్లోరిడాలో, 2003లో పసిఫిక్ సముద్రంలోని గువామ్ దీవిలో కనిపించింది. గువామ్ అడవుల్లోని సైకస్ చెట్లను అది పెద్ద సంఖ్యలో చంపింది. ఆకుల మీదే కాదు, మట్టిలో వేళ్ల మీద కూడా బతుకుతుంది కాబట్టి ఒక్కసారి మందు కొట్టి వదిలేస్తే తిరిగి వస్తుంది. ఎండ తగ్గాక తోట నూనె (మొక్కల పురుగుల మీద చల్లే హార్టికల్చరల్ ఆయిల్) ఆకు అడుగున బాగా తడిసేలా, కొన్ని వారాల పాటు మళ్లీ మళ్లీ చల్లాలి. చచ్చిన పురుగుల పొట్టు కూడా ఆకుకు అంటుకునే ఉంటుంది. గోటితో గీకితే పొడిగా రాలితే చచ్చినట్టు, తడి తగిలితే బతికున్నట్టు.

ఇంకో మాట, ఇంట్లో పిల్లలు గానీ కుక్క గానీ ఉంటే తీసిన ఆకులు, వేర్ల ముక్కలు వాటికి అందే చోట పడేయకండి. ఈ మొక్కలో ప్రతి భాగమూ విషమే, గింజలు మరీ ఎక్కువ.

పై ఆకులా కింది ఆకులా, కాండం గట్టిగా ఉందా, గోడ ఎంత దూరంలో ఉంది, ఆకు అడుగున ఏముంది, ఈ నాలుగూ చూసి రాయండి. నీళ్లు మాత్రం ఈ రాత్రికే ఆపండి.