రెండు నెలల కుందేలు పిల్లకు విరేచనాలు: ఏం పెట్టాలి?

విజయవాడలో కొన్న రెండు నెలల కుందేలు పిల్లకు క్యారెట్, బిస్కెట్లు పెడుతుంటే విరేచనం పల్చగా అవుతోందని అడిగారు. ముందు ఆ రెండూ ఆపేయండి. కుందేలు తిన్న పీచు పెద్దపేగు మొదట్లో ఉండే సీకమ్‌లో సూక్ష్మజీవుల వల్ల పులుస్తుంది. తల్లిపాలు మానిన కొత్తలో అవి ఇంకా కుదురుకోవు. తీపి, పిండి ఎక్కువైతే చెడ్డ బ్యాక్టీరియా పెరిగిపోతుంది.

ఎండబెట్టిన పచ్చగడ్డి, లూసర్న్ అనే పశుగ్రాసం ఎప్పుడూ ముందుండాలి. వట్టి వరిగడ్డి చాలదు. ఆకుకూరలు మూడో నెల దాటాక, ఒక్కొక్కటిగా అలవాటు చేయండి. గుత్తిగా వచ్చే మెత్తటి పెంటికలను అది తనే తింటుంది, కంగారొద్దు.

నీళ్ల విరేచనమైనా, తిండి మానేసినా ఆ రోజే గన్నవరం వెటర్నరీ కాలేజీకో, దగ్గర్లోని పశువైద్యుడికో చూపించండి. ఇంట్లో ఉన్న అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ మందు మాత్రం దయచేసి తాగించకండి, కుందేళ్లకు ప్రాణం మీదికొస్తుంది.