గోల్డ్‌ఫిష్ డల్‌గా ఉందా? ముందు ఆ మందు సీసా పక్కన పెట్టండి

"మా గోల్డ్‌ఫిష్ రెండు రోజులుగా అడుగున పడుకుంటోంది, తిండి ముట్టడం లేదు, ఏ మందు వేయాలి?" అని అడిగారు. ట్యాంకు ఎన్ని లీటర్లో, ఫిల్టర్ ఉందో లేదో, నీళ్లు ఎప్పుడు మార్చారో ఒక్క ముక్క రాయలేదు. తప్పు పట్టడం లేదు. నేనూ ఒకప్పుడు ఇలాగే అడిగాను. అందుకే చెబుతున్నాను: ఇప్పుడే ఏ మందూ వేయకండి.

మాకు పండు అని ఓ గోల్డ్‌ఫిష్ ఉంది. ఒకరోజు చూస్తే మొప్పల మూతల మీద తెల్లటి చుక్కలు. ముందు రెక్కల అంచున కూడా సూదితో పొడిచినట్టు వరసగా చుక్కలు. నెట్‌లో వెతికితే "తెల్లచుక్కల జబ్బు, వెంటనే వైద్యం చేయకపోతే చేప దక్కదు" అని ఉంది. ఇక చూసుకోండి నా టెన్షన్. "అన్ని జబ్బులకూ ఒకటే మందు" అని రాసి ఉన్న సీసా తెచ్చి మూత నిండా పోశాను. పనిలో పని శుభ్రత కూడా ముఖ్యమే కదా అని ఫిల్టర్ స్పాంజి తీసి, కుళాయి కింద పెట్టి, గోధుమరంగు మడ్డి అంతా పోయి కొత్తదానిలా మెరిసేదాకా పిండిపిండి కడిగాను. ఆ రోజు నేను చేసిన పనుల్లో అదే గొప్పది అనుకున్నాను.

మూడో రోజు పొద్దున్నే మా అమ్మాయి వచ్చి లేపింది. "నాన్నా, పండు పైకొచ్చి ముద్దులు పెడుతోంది!" వెళ్లి చూస్తే నీటి అంచున నోరు తెరిచి మూస్తోంది. గది నిశ్శబ్దంగా ఉంటే ఆ టప్, టప్ చప్పుడు వినిపిస్తోంది. రెక్కలు ఒంటికి అంటుకుపోయాయి. మొప్పలు ఎర్రగా కందిపోయాయి.

అప్పుడు గుర్తొచ్చింది, నీళ్లలో అమ్మోనియా ఎంతుందో చూసే టెస్ట్ కిట్, ఎప్పుడో కొని మూల పడేసింది. గాజు గొట్టంలో నీళ్లు పోసి చుక్కలు వేశాను. అమ్మోనియా లేకపోతే పసుపుగా ఉండాలి. మాది ముదురాకుపచ్చ.

జరిగిందేమిటంటే, నేను కడిగేసింది మురికి కాదు. చేప వదిలే అమ్మోనియా దానికే విషం. దాన్ని నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది ఆ స్పాంజిలోనే. కుళాయి నీటిలో క్లోరిన్ కలిపేదే సూక్ష్మజీవుల్ని చంపడానికి. నేను ఆ పని నా చేత్తో దగ్గరుండి చేయించాను.

అసలు సంగతి వినండి. పండుకు అంతకుముందు జబ్బే లేదు! అది మగది. ఈడొచ్చిన మగ గోల్డ్‌ఫిష్‌కు జతకట్టే కాలంలో మొప్పల మూతల మీద, ముందు రెక్కల అంచున అలాంటి చుక్కలు వస్తాయి. నిజం జబ్బైతే ఉప్పు చల్లినట్టు ఒళ్లంతా, తోక మీద కూడా ఉంటాయి, చేప ఒంటిని రాళ్లకేసి రుద్దుకుంటుంది. ఆరోగ్యంగా, హుషారుగా ఉన్నవాడికి వైద్యం చేసి జబ్బు తెప్పించిన ఘనత నాది.

వెంటనే సగం నీళ్లు తీసి, క్లోరిన్ పోగొట్టే మందు కలిపిన నీళ్లు, అదే వేడిమిలో ఉన్నవి పోశాను. రెండు రోజులు తిండి పెట్టలేదు. తర్వాత కూడా చిటికెడే. రోజూ మూడో వంతు నీళ్లు మార్చడం, టెస్ట్ చేయడం. అన్నిటికన్నా పనికొచ్చింది నా స్నేహితుడి ట్యాంకులోంచి తెచ్చిన ఓ పాత స్పాంజి. నల్లగా, కంపు కొడుతూ ఉంది. దాన్ని నా ఫిల్టర్‌లో కుక్కాను. బ్యాక్టీరియాను కొత్తగా పెంచాలంటే నాలుగు నుంచి ఆరు వారాలు పట్టేది. ఇలా తొందరగా కుదుటపడింది.

పది రోజులకు రెక్కల అంచులు నల్లబడ్డాయి. మళ్లీ గుండె జారింది, చెయ్యి మళ్లీ సీసా మీదకు వెళ్లింది. అమ్మోనియా వల్ల అయిన గాయాలు మానేటప్పుడు అలా నల్లమచ్చలు వస్తాయట. కొన్నాళ్లకు అవే పోయాయి.

ఈ మాట చెప్పకుండా ఉండలేను: ఆ గుండ్రటి గాజు గిన్నెలు అమ్మేవాళ్లను ఏమనాలో నాకు తెలియదు. ఫిల్టర్ పట్టదు, నీళ్లు నాలుగు చెంబులు. అందులో చేప ఆర్నెల్లకు పోతే "గోల్డ్‌ఫిష్ అంతేనండీ, ఎక్కువ రోజులు బతకదు" అంటారు. టిష్ అనే గోల్డ్‌ఫిష్ 1956 నుంచి 1999 దాకా, 43 ఏళ్లు బతికింది. అంత కాకపోయినా, సరిగ్గా చూసుకుంటే పది పదిహేనేళ్లు మామూలు విషయం. మూడు సెకన్ల జ్ఞాపకశక్తి అనేది ఇంకో పచ్చి అబద్ధం. తిండి డబ్బా పట్టుకునే మనిషిని పండు గది అవతలి నుంచే గుర్తుపడుతుంది.

మీ చేప విషయానికొస్తే, ఇవాళే అమ్మోనియా, నైట్రైట్ చూడండి. రెండూ సున్నా ఉండాలి. ఏది కనిపించినా పైన చెప్పినట్టు నీళ్లు మార్చండి. కుళాయి నీళ్లు ఒకరోజు నిలవపెడితే క్లోరిన్ పోతుంది కానీ, క్లోరిన్‌కు బదులు కొన్నిచోట్ల కలిపే క్లోరమైన్ ఉన్న నీళ్లయితే పోదు. అందుకని క్లోరిన్ పోగొట్టే మందు కలపడమే మేలు. ఫిల్టర్ కడగాలంటే ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండండి. నీళ్లు బాగుండి నిజంగా ఒళ్లంతా చుక్కలుంటే అప్పుడు మందు వేయండి. చుక్కలు పోగానే ఆపేయకండి. ఈ తెల్లచుక్కల జబ్బు తెచ్చే పరాన్నజీవి చేప ఒంట్లో ఉన్నంతసేపు మందు దాన్నేమీ చేయలేదు, బయటికొచ్చి నీళ్లలో ఈదేటప్పుడే చస్తుంది. కడుపు ఉబ్బి పొలుసులు విచ్చుకుని నిలబడితే మాత్రం ఆలస్యం చేయకుండా చేపల్ని చూసే పశువైద్యుణ్ని అడగండి. అది ఇంట్లో తేలే పని కాదు.

టెస్ట్ చేశాక అంకెలు, ట్యాంకు ఎన్ని లీటర్లో కింద రాయండి. వీలైతే ఒక ఫోటో కూడా పెట్టండి, పక్క నుంచి తీసింది.