గేటు దగ్గర నిలబడి చూసినవాళ్ళ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథ వాట్సాప్‌లో వచ్చిన రాత్రే చదివేశా, జవాబు రాయడానికే ఇన్నాళ్ళు పట్టింది, ఏమనుకోకు. జెరూసలేంలో కేర్‌గివర్ పని చేస్కుంటూ, ఆ పెద్దావిడ పడుకున్నాక ఫోన్లోనే టైప్ చేశానన్నావ్, దానికి ముందు ఒక దండం. ఆవిడ ఒకప్పుడు మాఖ్సోమ్ వాచ్‌లో, అదే పాలస్తీనావాళ్ళని ఆపి తనిఖీ చేసే ఇజ్రాయెల్ సైన్యం చెక్‌పోస్టుల దగ్గర నిలబడి జరిగింది రాసుకునే ఇజ్రాయెలీ ఆడవాళ్ళ సంఘంలో, వాలంటీర్‌గా తిరిగిందని, ఆవిడ చెప్పిన కబుర్ల మీదే కథ కట్టానని కూడా అన్నావ్. సరుకు మంచిదే, కథే ఇంకా కుదర్లేదు.

మొదటి పేజీలోనే సైనికుడు ముసలాయన్ని తోసేశాడు, రెండో పేజీలో నిండు గర్భిణి, మూడో పేజీకి తుపాకీ పేలింది. ఇలాంటివి జరగవని నేననడం లేదు, జరిగాయి. కానీ ఆ ఇజ్రాయెలీ ఆడవాళ్ళు 2001లో మొదలుపెట్టి, పొద్దున ఒక షిఫ్టు మధ్యాహ్నం ఒక షిఫ్టు వేసుకుని, ఖలందియా, హువ్వారా, బెత్లెహేం చెక్‌పోస్టుల దగ్గర నిలబడి రాసిన రిపోర్టులు ఉన్నాయి కదా, ఇంగ్లీషులో కూడా దొరుకుతాయి, కూర్చుని ఒక ఇరవై చదువు. చాలావాటిలో ఏమీ జరగదు. జనం నిలబడి ఉంటారు. ఉన్న లైన్లన్నీ తెరవలేదు, ఎందుకని అడిగితే సరైన జవాబు లేదు, ఒకడి దగ్గర గేటు దాటడానికి పర్మిట్ ఉంది కానీ కంప్యూటర్ ఒప్పుకోలేదు, వాడు వెనక్కి తిరిగి ఇంటికెళ్ళిపోయాడు. అంతే రిపోర్టు. ప్రపంచ చర్చిల మండలి 2002లో మొదలుపెట్టిన ప్రోగ్రాం కింద వేరే దేశాల నుంచి వచ్చి మూడేసి నెలలు ఉండే వాలంటీర్లు కూడా ఇంచుమించు ఇదే పని, తెల్లారకముందే వెళ్ళి ఎంతమంది దాటారో లెక్కపెట్టుకోవడం. ఆ వెయిటింగే నీ కథ, తుపాకీ కాదు.

ఇంకోటి, "ఇనప గేటు రాక్షసిలా నోరు తెరిచింది" అని రాశావ్. అది కొట్టెయ్. మన మెట్రో స్టేషన్లో మనిషిని ఒక్కొక్కర్నే వదిలే గేటు ఉంటుంది చూడు, అలాంటిదే, కాకపోతే మనిషి ఎత్తున ఇనప కడ్డీలతో గిర్రున తిరిగేది. ఇజ్రాయెల్లో మామూలు చోట్ల దాని చేతుల పొడవు 75 నుంచి 90 సెంటీమీటర్లు ఉంటే, చెక్‌పోస్టుల కోసం 55కి తగ్గించి చేయించారు. ఆ 55 సెంటీమీటర్లలోకి సంచీ పట్టుకున్న మనిషిని, కాస్త లావుపాటి మనిషిని, బిడ్డని ఎత్తుకున్న తల్లిని పంపించి చూడు, వెనక నుంచి తోపులాట, లోపల ఎక్కడో బటన్ నొక్కేవాడు గేటు ఆపేస్తాడు, ఆవిడ కడ్డీల మధ్య ఇరుక్కుని అలాగే నిలబడుతుంది. రాక్షసి ఎందుకింక?

2004 నవంబర్‌లో వెస్ట్ బ్యాంక్‌లో నాబ్లుస్ ఊరి పక్కన బేత్ ఈబా చెక్‌పోస్టులో ఒక పాలస్తీనా ఆయన సైనికుల ముందు వయొలిన్ వాయిస్తుంటే మాఖ్సోమ్ వాచ్ ఆవిడ ఒకరు వీడియో తీశారు. దేశమంతా గగ్గోలైంది, నాజీ క్యాంపుల్లో యూదుల చేత సంగీతం వాయించింది గుర్తొచ్చి. ఆయన వెనక లైన్లో ఉన్నవాళ్ళ గురించి మాత్రం అడిగినవాళ్ళు తక్కువ. నీ పాఠకుడూ అంతే, వయొలిన్ ఇస్తే ఏడుస్తాడు, లైన్ ఇస్తే పేజీ తిప్పేస్తాడు. వాడిని లైన్లో ఆపగలిగితే నువ్వు రచయితవి.

ఇకపోతే ఆ వాలంటీర్లని దేవతల్ని చేసేశావ్. వాళ్ళని దేశద్రోహులని తిట్టినవాళ్ళు ఉన్నారు, ఆ సంగతి నువ్వూ రాశావ్, బానే ఉంది. కానీ మనం ఇక్కడ నిలబడితే ఈ చెక్‌పోస్టు ఇంకాస్త మర్యాదగా కనిపిస్తోందేమో, అది ఇజ్రాయెల్ ఆక్రమణకే పనికొస్తోందేమో అని వాళ్ళలో వాళ్ళే వాదించుకున్నారు, అది నీ కథలో ఎక్కడా లేదు. నాకైతే అదే అసలు సీను అనిపిస్తుంది, ఇద్దరు పెద్దవాళ్ళు కార్లో తిరిగొస్తూ దీని మీద పోట్లాడుకోవడం.

మరి నీ సంగతేంటి? కథలో చూసేవాడికి ఊరు లేదు పేరు లేదు, గాల్లో ఉన్నాడు. 2023 అక్టోబర్ తర్వాత ఇజ్రాయెల్లో పనికెళ్ళడానికి ఆ గేట్లలో తెల్లారుజామున నిలబడే పాలస్తీనా కూలీల్లో చాలామంది పర్మిట్లు ఆగిపోయాయి, బిల్డింగు సైట్లు ఖాళీ అయ్యాయి, ఆ పనికి మనవాళ్ళని పిలిచారు. 2024లో హైదరాబాద్‌లోనే షట్టరింగు, ఐరన్ బెండింగు, ప్లాస్టరింగు, టైల్స్ పనులకి టెస్టులు పెట్టి సెలెక్ట్ చేశారు కదా. వెళ్ళినవాళ్ళని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, ఊళ్ళో అప్పులు ఎలా ఉంటాయో నీకూ నాకూ తెలుసు. కానీ ఇండియన్ పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని ఆ లైన్ని చూసేవాడు ఎవడో, వాడి ఫ్రెండు ఎవడి ఖాళీలో షట్టరింగు కడుతున్నాడో పాఠకుడికి తెలియాలి. ఇది దాచిపెట్టి కన్నీళ్ళు పెట్టుకుంటే దొంగ ఏడుపు లాగుంటుంది.

పర్మిట్ పోతుందని భయమున్న మనిషి ఎవరైనా కథలోకి వస్తే పేరు, ఊరు, పని మూడూ మార్చెయ్, కథ కోసం ఎవడి కూడూ పోకూడదు.

ఇప్పుడే తిరగరాయడం మొదలుపెట్టకు. ముందు ఆ పెద్దావిడని అడుగు, షిఫ్టుకి ఏ చెప్పులు వేసుకెళ్ళేవారు, వానొస్తే ఎక్కడ నిలబడేవారు, సైనికుడు మాట్లాడకపోతే ఎవరికి ఫోన్ చేసేవారు, రిపోర్టు అదే రోజు రాసేవారా. జవాబులు వాయిస్ మెసేజ్‌లో పెట్టు చాలు, కథ తర్వాత చూద్దాం.

మీ అన్న