చెరువు నిండా చైనా గొరక, చేతికొచ్చిన థాయ్ మార్పు చేప: ఏం చేయాలి?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా రేగిడి ఆమదాలవలస మండలం. ఐదెకరాల ఊరి చెరువును సంఘం తరఫున లీజుకు తీసుకుని నిరుడు ఆగస్టులో బొచ్చె, శీలావతి, మోసు పిల్లలు వదిలాం. ఇప్పుడు వల వేస్తే సగానికి పైగా అరచేయంత చైనా గొరకలే. రెండేసి కిలోల మీసాల చేపలు కూడా కొన్ని పడ్డాయి. పిల్లలమ్మే వ్యాపారి వాటిని థాయ్ మార్పులంటున్నాడు. పక్కనున్న 25 సెంట్ల గుంటలో అవే వేసి కోడి వ్యర్థాలు మేపమంటున్నాడు. వేయొచ్చా? చెరువులో ఉన్నవి పోయేదెలా?

జవాబు: వేయకండి. థాయ్ మార్పు పేరుతో అమ్ముతున్నది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. దీని పెంపకాన్ని కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ 1997లోనే నిషేధించి, ఉన్నవాటిని చంపేయమని రాష్ట్రాలకు చెప్పింది. ఎవరి గుంటలో దొరికినా చంపి పూడ్చడమే కాబట్టి పిల్లలకూ మేతకూ పెట్టిన డబ్బు మట్టిపాలే. కోడి వ్యర్థాలు కుళ్లి నీట్లో అమ్మోనియా పెరుగుతుంది, ఆ కంపు, ఆ రోగాలు ఊరి బావుల దాకా వస్తాయి.

మన నాటు మార్పు చాలాచోట్ల 100 నుంచి 200 గ్రాముల దగ్గరే బజారుకు వస్తుంది. అరకిలో దాటిన మార్పు ఏది కనిపించినా ఆఫ్రికన్ జాతో, దానితో కలిసిన సంకరమో అని అనుమానించండి. ఒంటిమీద పాలరాతి మచ్చల్లాంటి చారలుంటే అనుమానం ఇంకా బలపడుతుంది. ఇంకో మీసాల చేప ఇంగిలాయితో పొరబడకండి. ఇంగిలాయికి వీపు రెక్క చాలా చిన్నది, మార్పు జాతులకు వీపు పొడవునా ఉంటుంది.

ఆఫ్రికన్ మార్పు గాలి పీలుస్తుంది కాబట్టి నీట్లో ప్రాణవాయువు తగ్గినా చావదు. వాన రాత్రి తడి గట్టు మీదుగా పాకిపోతుంది. మట్టగిడస, ఇంగిలాయి, పరిగెలు, కప్పలు, మీరు వదిలిన బొచ్చె పిల్లలు, అన్నీ దానికి మేతే. మీ చెరువు అలుగు పారితే ఆ నీరు గెడ్డ(వాగు)లోకి, అక్కణ్నుంచి నాగావళిలోకి పోతుంది. నదిలో పడ్డ చేపను తిరిగి ఏరడం ఎవరి తరమూ కాదు. అందుకే వలలో పడిన ఒక్క మీసాల చేపను కూడా ప్రాణంతో గెడ్డలో వేయొద్దు. చంపి, బావులకు దూరంగా మీటరు లోతు గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. గ్రామ సచివాలయంలోని మత్స్య సహాయకుడికి చెప్పి రాయించండి.

చైనా గొరక సంగతి వేరు. ఇది తిలాపియా, మన దేశానికి 1952లో వచ్చింది. రెండు మూడు నెలలకే గుడ్లకు వస్తుంది. ఆడచేప గుడ్లను, పిల్లలను నోట్లోనే దాచి కాపాడుతుంది, నెలా నెలన్నరకు మళ్లీ ఒక ఈత. అందువల్ల చెరువు నిండా చిన్న చేపలు కిక్కిరిసి మీ మేతంతా తినేస్తాయి, ఏవీ పెరగవు. బురద గుంటలో నాలుగు మిగిలినా వచ్చే దీపావళికి చెరువు మళ్లీ ఇలాగే ఉంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో పని మొదలుపెట్టండి. ముందు తూముకు జాలి కట్టి, నీరు దించి, పదే పదే వల లాగండి. పూర్తిగా ఎండబెట్టగలిగితే అంతకు మించిన మందు లేదు. మట్టి బీటలు వారాక ఇంకో వారం వదిలేయండి. బొరియల్లో, తడి గుంటల్లో మీసాల చేపలు దాక్కుంటాయి కాబట్టి అక్కడ చదరపు మీటరుకు 100 నుంచి 150 గ్రాముల పొడి సున్నం వేయండి.

ఎండని మడుగు మిగిలితే ఇప్ప చెక్క, అంటే ఇప్ప గింజల నూనె తీశాక మిగిలే పిండి, వాడండి. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు ఇప్ప చెట్లు ఎక్కువ, చెక్క కోసం ముందు అక్కడ విచారించండి. మోతాదు ఘనపు మీటరు నీటికి 250 గ్రాములు. ఐదెకరాల చెరువులో మీటరు నీరుంటే ఐదు టన్నులు కావాలి. అదే నీరు దించి అరెకరం మడుగులో రెండడుగులు మిగిల్చితే 300 కిలోలు చాలు. చెక్కను రాత్రంతా నానబెట్టి ఉదయం సమానంగా చల్లండి. కొన్ని గంటల్లో చేపలు పైకి తేలతాయి. మార్పు, కొరమీను లాంటి గాలి పీల్చేవి ఆలస్యంగా లొంగుతాయి కాబట్టి మరుసటి రోజు కూడా వల తిప్పండి. మోతాదు తగ్గిస్తే అవే బతికిపోతాయి.

ఇప్ప చెక్క దొరకకపోతే ఆ అరెకరం మడుగుకే 12 కిలోల యూరియా చల్లి, మర్నాడు 21 కిలోల బ్లీచింగ్ పౌడర్ వేయండి. ముక్కుకు గుడ్డ కట్టుకుని గాలివాటు చూసుకోండి. పాత సంచుల్లో క్లోరిన్ ఎగిరిపోయి ఉంటుంది, కొత్తది కొనండి. పురుగుమందులు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పోయొద్దు. ఏ మందు వేసినా ముందు పంచాయతీలో చెప్పి, పశువులను దించకుండా, నీరు గెడ్డలోకి పోకుండా తూము, అలుగు మూసేయాలి. ఇప్ప చెక్క విషం దిగడానికి మూడు వారాలు, బ్లీచింగ్‌కు ఎనిమిది రోజులు ఆగండి. తర్వాత హాపాలో (నీట్లో కట్టే సన్న వల పెట్టెలో) ఇరవై పిల్లల్ని ఒక రోజంతా ఉంచి, అన్నీ బతికితేనే మిగతావి వదలండి.

వానలకు కొత్త నీరు పారేటప్పుడే సగం కష్టం పాడవుతుంది. సప్లై చానల్ మొగలో బయట వెదురు దడి, లోపల దోమతెర లాంటి సన్నటి వల రెండు పొరలుగా కట్టండి. చెత్త పట్టి వల చిరగకుండా రోజూ దులపాలి. వేలెడు పిల్లల బదులు 100 గ్రాములు దాటిన ఏడాది పిల్లలు వదిలితే ఏదైనా మీసాల చేప మిగిలినా వాటిని మింగడం కష్టం. పిల్లలొచ్చిన సంచి విప్పి తెల్లటి బేసిన్‌లో పోసి మీసాలున్నాయేమో చూశాకే చెరువులో దించండి.

ఇక గుంట విషయం. గిఫ్ట్ తిలాపియా (త్వరగా పెరిగేలా మెరుగుపరిచిన రకం) పెంచడానికి అనుమతి ఉంది. అయితే నమోదైన క్షేత్రంలోనే, అనుమతి ఉన్న హేచరీ ఇచ్చిన మగ పిల్లలతోనే, నీరు బయటికి పోయే దారికి వలలు కట్టే పెంచాలి. వరదకు గట్టు మునిగే చోట దాని జోలికి పోకండి. మగ పిల్లలని ఇచ్చిన వాటిలోనూ కొన్ని ఆడవి మిగలొచ్చు.

నాకైతే ఆ గుంటకు నాటు మార్పే సరైనదనిపిస్తుంది. వెయ్యి చదరపు మీటర్లకు రెండు మూడు వేల పిల్లలు, మీటరు లోతు నీరు, 30 నుంచి 35 శాతం మాంసకృత్తులున్న మేత, గట్టు మీద అడుగు ఎత్తు వల. ఎనిమిది, పది నెలల్లో 100 నుంచి 150 గ్రాములు వస్తాయి. దీని పిల్లల పేరుతోనే ఆఫ్రికన్ పిల్లల్ని అంటగడుతుంటారు. బిల్లు మీద నాటు మార్పు శాస్త్రీయ నామం ‘క్లారియాస్ మాగుర్’ అని రాయించుకోండి, ఆఫ్రికన్ జాతి పేరు ‘గారిపైనస్’ అని ఉంటే వెనక్కి పంపండి. గుంట ఏదైనా, 2020 చట్టంతో వచ్చిన రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి సంస్థ లైసెన్సు గురించి పిల్లలు వేయకముందే మత్స్యశాఖ కార్యాలయంలో మాట్లాడండి.